తలలు లెక్కపెట్టాం, పేర్లు పారేశాం

1901 మార్చి 1. రాత్రివేళ బందరు వీధుల్లో లాంతర్లు తిరుగుతున్నాయి. పరాసుపేటలో, వలందపాలెంలో, ఇంగ్లీషుపాలెంలో, చిలకలపూడిలో లెక్కలవాళ్లు చంకన పుస్తకం పెట్టుకుని గడపగడపా తడుతున్నారు. కొన్ని వారాల ముందే వచ్చి ఇంటిల్లిపాది పేర్లూ నల్ల సిరాతో రాసుకుపోయారు. ఈ రాత్రి ఎర్ర సిరా కలంతో మళ్లీ వచ్చారు. ఈమధ్యలో కన్నుమూసిన ముసలమ్మ పేరు కొట్టేయాలి. పుట్టిన పసిబిడ్డను చేర్చాలి. పొరుగూరు వెళ్లిన కొడుకును తీసేసి, చుట్టపుచూపుగా వచ్చిన అల్లుణ్ణి రాసుకోవాలి. దేశమంతా ఒకే రాత్రి, ఒకే లెక్క. ఆ లెక్క తేలాక అచ్చుపుస్తకంలోకి ఎక్కిన అంకె 39,507. అది ఆనాటి బందరు పట్నం జనాభా.

ఆ 39,507 మందిలో మా ముత్తాత ఒకరు. ఏ ఒకరు? ఏ వీధిలో, ఏ ఇంట్లో ఉండేవారు? అప్పటికి వయసెంత? ఏం పని చేసేవారు? ఆయన భార్య పేరేమిటి? ఇంట్లో పిల్లలెంతమంది? ఇవన్నీ ఒక మనిషి మా గుమ్మంలో నిలబడి అడిగాడు. మావాళ్లు చెప్పారు. అతను రాసుకున్నాడు. పేరు, మతం, కులం, ఆడా మగా, పెళ్లయిందా, వయసు, వృత్తి, మాతృభాష, పుట్టిన జిల్లా, చదవడం రాయడం వచ్చా రాదా అంటూ ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస నింపాడు. మా వంశంలో నాలుగో తరం వెనక్కి వెళితే నాకు చీకటి. ఆ చీకట్లో వెలిగిన ఒకే ఒక్క లాంతరు అది. ఆ కాగితం ఏది?

లేదు. తుపానుకు కొట్టుకుపోలేదు, చెదలు తినలేదు. లెక్క పూర్తయింది, ఇక పనిలేదని వదిలించుకున్నారు. పుస్తకాల్లోని వివరాలను చిన్నచిన్న చీటీల మీదికి ఎక్కించారు. మతానికో రంగు కాగితం. ఆ చీటీలను గూళ్లలోకి పంచి, మగవాళ్లు ఇందరు, వితంతువులు ఇందరు, అక్షరం వచ్చినవాళ్లు ఇందరు అని పట్టికలు కట్టారు. పట్టికలు అచ్చయ్యాయి, బైండు కట్టిన సంపుటాలై బీరువాల్లో వెలిశాయి. పేర్లున్న అసలు పుస్తకాలు చెత్త కింద పోయాయి. 1871లో మద్రాసు రాజధానిలో మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. 1881, 1891, 1901, 1911, 1921, 1931. పదేళ్లకోసారి మన తాతముత్తాతలు వీధి గుమ్మంలో నిలబడి పేరు చెప్పారు. పదేళ్లకోసారి ప్రభుత్వం ఆ పేరును వాడుకుని పారేసింది. దొరలకు కావలసింది మొత్తం. మొత్తంలోని మనిషితో వాళ్లకు పనిలేదు. కానీ ఆ మనిషి మన మనిషి కదా! ఆ తర్వాత వచ్చిన మన ప్రభుత్వానికైనా ఆ బెంగ ఉండాలి కదా!

ఇప్పుడు ఇంకొక మనిషి సంగతి చూడండి. అదే కాలంలో కరువుకో, అప్పుకో తాళలేక మద్రాసు రేవులో ఓడెక్కి, దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు కూలీగా వెళ్లిన తెలుగువాడు. మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా భారతీయులు అలా అక్కడ దిగారు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఠాణా, జిల్లా. ఆ ఓడల జాబితాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఫిజీకి వెళ్లిన కూలీల పాసులు అక్కడి జాతీయ పురాభిలేఖాలయంలో ఉన్నాయి. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస కూలీల పుస్తకాలను ఫొటోలతో సహా దాచింది. యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. డర్బన్‌లో అయిదో తరం తెలుగువాడు ఒక్క నంబరు పట్టుకుని తన పూర్వీకుడి ఊరు, తండ్రి పేరు చెప్పగలడు. ఆ ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముడి మునిమనవడు చెప్పలేడు! ఊరు విడిచిన కూలీ పేరు సముద్రాల అవతల భద్రంగా ఉంది. ఊరినే నమ్ముకున్న రైతు పేరు, సాలె పేరు, పల్లెకారు పేరు ఊళ్లోనే గల్లంతయింది. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

దూరం ఎందుకు, బందరులోనే చూడండి. డచ్చివారి సమాధులున్నాయి. 1605లో వాళ్లు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. ఆరేళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లొచ్చారు. ఎక్కడో పుట్టి ఇక్కడ కన్నుమూసిన ఆ వర్తకుల పేర్లు, వాళ్ల వంశ చిహ్నాలు, పోయిన తేదీలు రాతి మీద చెక్కి ఉన్నాయి. పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. వాళ్ల కంపెనీ కాగితాలు నెదర్లాండ్స్‌లో పదిలంగా ఉన్నాయి. అవి కూడా యునెస్కో జాబితాలోవే. మంచిదే, కాపాడాలి. కానీ ఆ వర్తకులు ఓడల కొద్దీ ఎగుమతి చేసిన బట్ట నేసిందెవరు? కరక్కాయ నీళ్లలో నానబెట్టి అద్దకం అద్దిందెవరు? సరుకును పడవల్లో ఓడ దాకా చేర్చిందెవరు? ఆ చేతుల పేర్లు ఏ రాతి మీద ఉన్నాయి? ఏ పుస్తకంలో ఉన్నాయి? పరాయి వర్తకుడి పుట్టుపూర్వోత్తరాలకు మన ఊళ్లో కావలి ఉంది. మన పుట్టుపూర్వోత్తరాలకు దిక్కు లేదు.

పోనీ, కాగితం విలువ తెలియని నేలా ఇది? కాదు. కృష్ణ దిగువ డెల్టాలో తరతరాలుగా లెక్క రాసుకున్న పల్లెలున్నాయి. మొవ్వ పక్కన కూచిపూడిని చూడండి. 1763 నాటి పంపకపు కాగితం ఒకటి ఆ అగ్రహారంలో ఏయే ఇంటిపేర్లవారికి భాగముందో చెబుతుంది. ఆ ఒక్క కాగితం ఉండబట్టే ఆ భాగవతుల కుటుంబాలు రెండున్నర వందల ఏళ్ల కిందటి తమవాళ్లను ఇంటిపేరుతో పిలవగలుగుతున్నాయి. కరణాల ఇళ్లలో ఊరి లెక్కలు రాసిన తరతరాల దండకవిలెలుండేవి. సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి అలాంటి కవిలెల ఆధారంగానే కైఫీయతులనే గ్రామ చరిత్రలు రాయించారు. అవి లేకపోతే మన గ్రామ చరిత్రలో సగం మాటలు పుట్టేవి కావు. ఏటేటా పంట కళ్లాల దగ్గరికి వచ్చి గోత్రమూ, ఇంటిపేరూ, వంశమూ నోటితో చదివి వినిపించిన పిచ్చిగుంట్లవారు, అంటే ఇవాళ్టి వంశరాజ్‌లు, నడిచే రికార్డు రూములు. వాళ్ల గొంతులో పది తరాలు పలికేవి. వాళ్లకు పెట్టే శేరు ధాన్యం మనకు బరువైంది. ఆ గొంతు ఆగిపోయింది.

ఇంత జరిగినా, వెతికే ఓపిక ఉన్నవాడికి ఈ డెల్టాలో ఇంకా దారులున్నాయి. అదే నా ఆనందం, అదే నా కడుపుమంట. అచ్చయిన జనాభా లెక్కలు మన పూర్వీకుల పేర్లు చెప్పవు కానీ వాళ్లున్న ఊరిని కళ్లకు కడతాయి. ఆ ఏడు ఆ తాలూకాలో ఎంతమంది, ఏ కులాలు, ఏ వృత్తులు, చదువుకున్నవాళ్లు ఎందరు అన్నది వాటిలో ఉంది. 1951 నుంచి వచ్చిన జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో ఊరూరి లెక్కా ఉంది. ఆ చౌకట్టులో మన మనిషిని నిలబెట్టాలంటే మిగతా కాగితాలు కావాలి. రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పాత క్రయ దస్తావేజు దొరికితే చాలు, మొదటి వాక్యంలోనే తండ్రి పేరు, తాలూకా, కాపురమున్న ఊరు, చేసే వ్యవసాయం వచ్చేస్తాయి. పంపకపు దస్తావేజు దొరికితే అన్నదమ్ములంతా ఒకే కాగితం మీద కూర్చుంటారు. 1860 ప్రాంతాల ఇనాం రిజిస్టర్లలో ఇనాం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడెవరి చేతిలో ఉంది, వాళ్లిద్దరికీ వరుస ఏమిటి అన్నది ఉంటుంది. అది అచ్చంగా వంశవృక్షమే. రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు, రెండు భాషల్లో ఉండే డైగ్లాటు, అడంగలు, చిట్టా ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. రెవెన్యూ లెక్కల్లో రాసే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. ఈ చిన్న కిటుకు తెలిసిన మనవడికి నూటపాతికేళ్ల కిందటి తాత పొలం గట్టు మీద కనిపిస్తాడు.

ఊరు ఒక్కటే అయినా దాని చిరునామా ఎన్నిసార్లు మారిందో కూడా తెలిసుండాలి. బందరు, గుంటూరు జిల్లాలు కలిసి 1859లో కృష్ణా జిల్లా అయ్యాయి. 1904లో గుంటూరు విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. విడిపోయిన ప్రతిసారీ కాగితం కట్టలు బండ్లెక్కి, లారీలెక్కి ఊళ్లు మారాయి. ఎక్కినవన్నీ దిగాయా? దిగినవాటికి పట్టిక రాసిందెవరు? గుడివాడ తాలూకా పల్లె కాగితం కోసం బయల్దేరినవాడు గుడివాడలో మొదలుపెట్టి, బందరు కలెక్టరేటు మీదుగా, చివరికి చెన్నై ఎగ్మూరు పురాభిలేఖాలయం దాకా తిరగవలసిందే. సొంత తాత పేరు కోసం పొరుగు రాష్ట్రపు గుమ్మంలో నిలబడి అర్జీ పెట్టుకోవాలి.

1984 జనవరిలో కరణాలు, మునసబుల వ్యవస్థను ప్రభుత్వం రద్దు చేసింది. వంశపారంపర్యంగా వచ్చిన పెత్తనం పోయింది, పోవలసిందే. కానీ దాంతోపాటు పోకూడనిది పోయింది. రాత్రికి రాత్రి రికార్డులు అప్పగించమన్నారు. కొన్ని అప్పగించారు. కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. తీసుకున్నవాళ్లకు ఇవాళ్టికి పనికొచ్చే అడంగలు కావాలి, నూరేళ్ల కిందటి కవిలె ఎందుకు? అలాంటి ఒక అటకను నేను దివిసీమ పల్లెలో కళ్లారా చూశాను. ఎర్ర గుడ్డలో కట్టిన మూటలు వరసగా ఉన్నాయి. విప్పితే కాగితం వేళ్లకు అంటుకుని పొడిపొడిగా రాలింది. పై పేజీ మీద సగం మిగిలిన పేరు ఒకటి. మొదటి అక్షరాలు చెద తిన్నది, చివర 'య్య' మిగిలింది. వెంకయ్యో, సుబ్బయ్యో, రామయ్యో! ఒక నిండు జీవితం, ఒక కమతం, ఒక కుటుంబం చివరికి ఆ ఒక్క అక్షరానికి కుదించుకుపోయాయి. ఒక ఆఫీసులో అడిగితే వాళ్లు నిర్మొహమాటంగా చెప్పారు: పాతవన్నీ మొన్న శుభ్రం చేయించామండీ, చోటు చాలడం లేదు. శుభ్రం! మన తాతలు ఈ ఊళ్లో బతికినట్టు మిగిలిన ఒకే ఒక్క గుర్తును తుడిచేయడానికి మనం పెట్టుకున్న పేరు శుభ్రం.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వేతో పొలాలకు కొత్త నంబర్లు వస్తున్నాయి. డ్రోన్లు ఎగిరాయి, కొత్త పటాలు వచ్చాయి. రైతు హద్దు తేలితే సంతోషమే. అయితే కొత్త నంబరు వచ్చిన రోజున పాత సర్వే నంబరున్న పుస్తకానికి ఏ గతి పడుతుంది? పాత నంబరుకూ కొత్త నంబరుకూ వంతెన వేసే పట్టికను ఎవరైనా శాశ్వతంగా భద్రపరుస్తున్నారా? ఆ వంతెన కూలిన రోజున నూటయాభై ఏళ్ల పుస్తకాలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి.

ఇంతవరకూ చెప్పింది పొలం ఉన్నవాళ్ల గోడు. పొలం లేనివాళ్ల సంగతేమిటి? అడంగల్లో కూలీ పేరుండదు. ఇనాం రిజిస్టరులో మాలపల్లె అరుదు, మాదిగగూడెం అరుదు. సముద్రం మీద పట్టా ఎవరికిస్తారు? నాగాయలంక, కోడూరు తీరాల పల్లెకారులకు వలే ఆస్తి, ఆ వలకు దస్తావేజు లేదు. యానాదుల గుడిసెకు రిజిస్ట్రేషను లేదు. జమీందారీ గ్రామాల్లో ఏ హక్కూ లేకుండా దున్నినవాడి పేరు గుమాస్తా నోటిమాటలోనే ఉంది. ఆడవాళ్లయితే మరీ అన్యాయం. ఏ కాగితం తీసినా ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు. 1899 జనన మరణాల రిజిస్ట్రేషను చట్టం తర్వాత మునసబు రాసిన జనన రిజిస్టరులో సైతం చాలాచోట్ల తండ్రి పేరు, పక్కన 'ఆడశిశువు'. అంతే. బందరులో 1841లో అడుగుపెట్టిన మిషనరీలు రాయించిన జ్ఞానస్నానపు పుస్తకాలు, ఆ తర్వాత పుట్టిన బడుల హాజరు పుస్తకాలు కొందరికి ఆధారమయ్యాయి. మిగిలినవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి, గుడిసె ముందు ఆగి, నీ పేరేమిటి, నీ వయసెంత అని అడిగిన ఆనాటి ప్రభుత్వ కాగితం ఒక్కటే. జనాభా లెక్కల పుస్తకం! జమీందారుకూ జీతగాడికీ, పురుషుడికీ స్త్రీకీ ఒకే కొలత వరుస ఇచ్చిన పుస్తకం అదొక్కటే. మనం పారేసిందీ అదే. ఆస్తి ఉన్నవాడికి మరో పది కాగితాలు దొరుకుతాయి. లేనివాడికి ఉన్న ఒక్క కాగితాన్నీ మనమే చింపేశాం.

ఈ నష్టం ఎంతటిదో తెలియాలంటే తుపాన్లను అడగాలి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద సముద్రం విరుచుకుపడింది. పట్నంలోనూ చుట్టుపక్కలా కలిపి 30,000 మంది దాకా పోయారు. మిగిలింది అంకె. సరే, అది పాతకాలం, ఇంటింటి లెక్క ఇంకా పుట్టలేదు అనుకుందాం. మరి 1977 నవంబరు 19? దివిసీమలో ఉప్పెన తాటిచెట్ల ఎత్తున లేచింది. నాగాయలంక, కోడూరు, హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప... సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది. అంతకన్నా ఎక్కువేనని అక్కడివాళ్లంతా ఇప్పటికీ చెబుతారు. ఒకే ఇంట్లో తాత నుంచి మనవడి దాకా అందరూ పోయిన కుటుంబాలున్నాయి. ఫలానావాళ్లు ఉండేవారు అని చెప్పడానికి కూడా ఎవరూ మిగలలేదు. కానీ అంతకు ఆరేళ్ల ముందు, 1971లో, ప్రభుత్వం పంపిన మనిషి అదే గుడిసెల ముందు నిలబడి ఆ కుటుంబాలన్నింటి పేర్లూ రాసుకున్నాడు. తల్లి, తండ్రి, పిల్లలు, వాళ్ల వయసులు. ఆ కాగితాలను దాచి ఉంటే ఆ ఊళ్లలో చనిపోయినవాళ్లలో అప్పటికే పుట్టి ఉన్నవాళ్ల పేర్లయినా ఇవాళ స్తంభం మీద చెక్కగలిగేవాళ్లం. ఏటా నవంబరు 19న దివిసీమ దండలు వేసి దండం పెడుతుంది. ఎవరికి పెడుతున్నాం? పేరు లేని అంకెకా?

తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత మూడు పేర్లు చెప్పమంటారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకోమంటుంది సంప్రదాయం. మరి పేరు తెలియకపోతే ఏమని పిలవాలి? ఏమని పిలిచినా అది మన తాత పేరు కాదు.

సామాన్యుల మాట వదిలేయండి. జాతీయ పతాకం రూపొందించిన పింగళి వెంకయ్య గారు పుట్టింది మన మొవ్వ మండలం భట్లపెనుమర్రులో. ఆయన పుట్టిన సంవత్సరం 1876 అని కొన్ని పుస్తకాలు, 1878 అని మరికొన్ని. దేశం జెండాకు రూపమిచ్చిన మనిషి పుట్టిన ఏడాది మీద ఒక్క మాట మీదకు రాలేకపోయిన నేల మనది! 1881 లెక్కల పుస్తకంలో ఒక్క పేజీ, ఆ ఊరి పేజీ, మన చేతిలో ఉంటే ఆ ఇంట్లోని పసివాడి వయసు చూసి తేల్చుకునేవాళ్లం కాదా?

ఇతర దేశాలవాళ్లు దేవుళ్లేం కాదు. ఐర్లండులో 19వ శతాబ్దపు లెక్కల పుస్తకాల్లో చాలాభాగం పోయాయి. కొన్ని ప్రభుత్వం చేతే నాశనమయ్యాయి, కొన్ని 1922 అంతర్యుద్ధంలో కాలిపోయాయి. అయినా మిగిలిన 1901, 1911 పుస్తకాలను వాళ్లు పేజీ పేజీ ఫొటో తీసి, పేరు కొడితే దొరికేలా ఉచితంగా ప్రపంచం ముందు పెట్టారు. మనల్ని పాలించిన బ్రిటన్ ఇంగ్లండు, వేల్సుల 1921 లెక్కలను నూరేళ్లు నిండగానే 2022 జనవరిలో తెరిచింది. అమెరికా 72 ఏళ్లు ఆగి 1950 పుస్తకాలను 2022 ఏప్రిల్ 1న తెరిచింది. బతికున్నవాళ్ల గుట్టు కాపాడటానికి వాళ్లూ గడువు పెట్టుకున్నారు. గడువు తీరాక తాళం తీశారు. మన 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షను ఆ కాగితాలను ఎవరూ చూడరాదంది. బతికున్నవాడి గుట్టు కాపాడాలన్నది న్యాయమే. మరి నూరేళ్ల తర్వాత? ఆ గుట్టు ఎవరిది? చనిపోయినవాడిదా, చెదపురుగుదా? తాళం వేయడం తెలిసింది కానీ లోపల సరుకు ఉంచడం మనకు తెలియలేదు.

1951 లెక్కలప్పుడు ఊరూరికీ, ఇంటింటికీ ఎవరున్నారో రాసే జాతీయ పౌర పట్టిక తయారుచేయించారు. అస్సాంలో పౌరసత్వం తేల్చుకోవడానికి ఆ పాత పుస్తకాలు ఎంత అవసరమయ్యాయో దేశమంతా చూసింది. దాని వెనక ఉన్న రాజకీయం వేరు, ఆ బాధలు వేరు. కానీ డెబ్బై ఏళ్ల కిందటి ఒక పేరు వరుస మీద లక్షల కుటుంబాల భవిష్యత్తు నిలబడిందన్నది నిజం. మన గుడివాడ తాలూకా పట్టిక, మన దివి తాలూకా పట్టిక ఎక్కడ? ఏ గదిలో? ఏ బీరువాలో? అడిగేవాడు లేక చెప్పేవాడు పుట్టలేదు.

అందుకే అడుగుతున్నాను. కలెక్టరు గారూ, మీ రికార్డు రూములో ఏముందో జాబితా వేయించండి. లోపలున్నదేమిటో తెలియకుండా తాళం చెవి పెట్టుకుంటే కాపలా కాదు, బందిఖానా. తాసీల్దారులారా, శుభ్రం చేయించే ముందు ఒక్కసారి చరిత్ర తెలిసిన మనిషికి చూపించండి. రిజిస్ట్రేషను శాఖవారూ, శతాబ్దం దాటిన దస్తావేజుల పుస్తకాలను ఫొటో తీయించి జనానికి తెరవండి. మునిసిపల్ కమిషనరు గారూ, బందరు మునిసిపాలిటీ 1866లో పుట్టింది, దాని జనన మరణ రిజిస్టర్లు పట్నం ఆత్మకథ. గాలి తగిలే గది ఒకటి ఇవ్వండి. పురాభిలేఖ శాఖవారూ, చెన్నైలోనూ మన దగ్గరా చెల్లాచెదురుగా ఉన్న బందరు జిల్లా కాగితాల నకళ్లు బందరుకు తెప్పించండి. విశ్వవిద్యాలయంవారూ, బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. డైగ్లాటు చదవగల, పాత రాతలోని లెక్క విప్పగల విద్యార్థులు పదిమందిని తయారుచేయండి. పార్లమెంటు సభ్యులారా, నూరేళ్ల తర్వాత జనాభా పత్రాలను తెరిచే సవరణ ఒకటి తెండి. ఇవేం కోట్ల ఖర్చు కాదు. ఒక విగ్రహానికి పెట్టే ఖర్చులో కొంత చాలు. విగ్రహం ఒక మనిషికి. ఈ పని ఈ డెల్టాలో పుట్టి, దున్ని, నేసి, వల వేసి, పోయిన ప్రతి మనిషికీ.

మనమూ తప్పు చేయలేదా? అమెరికాలో ఇల్లు కొన్న కొడుకు వీడియో కాల్‌లో బామ్మను చూస్తాడు. బామ్మ పుట్టింటివారి ఇంటిపేరు అడగడు. ఆమె పోయాక అడుగుదామంటే ఎవరిని అడుగుతాడు? పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ట్రంకుపెట్టెలోని కాగితాలు పాతపేపర్లవాడి తరాజులోకి వెళ్లిపోతున్నాయి. పెళ్లిచూపుల్లో ప్యాకేజీ ఎంత అని అడిగే నోరు, తాతగారి ఊరేది అని అడగడం మానేసింది. కనీసం ఈ వేసవికి ఇంటికొచ్చినప్పుడు ఒక నోటుపుస్తకం తీయండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి పేర్లు, ఊళ్లు, వాళ్లు చదివిన బడి, అమ్మిన పొలం రాసుకోండి. ప్రభుత్వం లెక్కపెట్టి పారేసినదాన్ని మీరు లెక్కపెట్టి దాచండి.

ఎందుకంటే మళ్లీ ఒక రాత్రి దగ్గరపడింది. 2021లో జరగాల్సిన లెక్కలు ఆగిపోయి, 2027లో జరుగుతున్నాయి. 2027 మార్చి 1 నాటికి ఇక్కడున్న ప్రతి మనిషినీ లెక్కపెడతారు. ఈసారి చంకలో పుస్తకం లేదు, చేతిలో ఫోను ఉంటుంది. లాంతరు బదులు తెర వెలుగు. పరాసుపేటలో, వలందపాలెంలో, గుడివాడ వీధుల్లో, సొర్లగొందిలో మళ్లీ ఒక మనిషి గుమ్మంలో నిలబడి అడుగుతాడు: మీ పేరు? మీ ఇంట్లో ఎవరెవరు? మా ముత్తాత చెప్పినట్టే మీరూ చెబుతారు. ఆయన చెప్పినప్పుడు ఎంత నమ్మకంతో చెప్పి ఉంటారో! తన పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కింది, ఇక చెరిగిపోదు అనుకుని ఉంటారు. నూట ఇరవై ఆరేళ్ల తర్వాత మీ మునిమనవడు వచ్చి మీ పేరు అడిగితే, అప్పుడు ఈ దేశం ఇచ్చే జవాబు అదే 39,507 కావాలా?